కుట్టు తెరుచుకోవడం లేదు

ఏప్రిల్ 6, సోమవారం

నేనేమీ చేయలేదు. అది అడిగింది, సరే అన్నాను, అంతే.

కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్కించుకుంటావా అని నెల రోజులుగా తెర మూలన నిలబడి సతాయిస్తోంది. ఇవాళ మెషిన్ ఖాళీగా ఉంది. టీ తాగుతూ సరే నొక్కాను. మధ్యాహ్నానికి కంప్యూటర్ కొత్త రంగుల్లో, కొత్త అక్షరాలతో పెళ్లికి తయారైనట్టు వచ్చింది. చూడటానికి బాగానే ఉంది. ‘కుట్టు’ మాత్రం తెరుచుకోవడం లేదు. నొక్కితే గుండ్రంగా ఒకసారి తిరుగుతుంది, తర్వాత ఏమీ లేదు.

కుట్టు లేకపోతే నా షటర్ దుకాణంలో ఉన్నది ఒట్టి ఇనుము. ఎంబ్రాయిడరీ మెషిన్‌కు నెమలి అంటే ఏమిటో తెలియదు. సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో ఒక్కొక్కటీ చెప్పాలి. నేను గీసిన బొమ్మను కుట్లుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేది కుట్టు. అది బజార్లో దొరికేది కాదు. ఒకరు నా కోసం తయారు చేసి, ఈ లినక్స్ కంప్యూటర్‌లో పెట్టి, వాడటం నేర్పించి వెళ్లారు. ఆ ఒకరి గురించి ఇక్కడ రాయను.

అఖిల పెళ్లి వచ్చే నెల ఆరున. దాని పెళ్లి జాకెట్ ఇంకా మొదలే పెట్టలేదు. మొయినాబాద్‌లో ఎంతమంది పెళ్లికూతుళ్ల జాకెట్లకు పని చేసి ఇచ్చాను! నా బిడ్డ జాకెట్ ఇంకొకరి దగ్గర చేయిస్తానా?

ఏప్రిల్ 7, మంగళవారం

అజీజ్‌నగర్ ఫామ్‌హౌజ్‌లో తోట పని చూసుకుని పరమేష్ నేరుగా షటర్‌కే వచ్చాడు. మొగుడు మంచివాడే, నోరు కుదురుగా ఉండదు.

“నీ తమ్మునికొక ఫోన్ కొట్టరాదు? ఆయన చేసిందే గద.”

“టమాటలు తెచ్చినవా?” అన్నాను.

“జ్యోతీ, నేనేం అడుగుతున్న, నువ్వేం అంటున్నవ్?”

టమాటలు తేలేదు.

ఇప్పుడు ఎలాగూ పేరు వచ్చింది కాబట్టి రాస్తాను, మళ్లీ రాయను. బాలరాజ్ నా తమ్ముడు, ఒక్కడే. చేవెళ్లలో ఉంటాడు, కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పని. అవ్వ, బాపు పోయాక నాకు తల్లిగారిల్లంటే వాడి ఇల్లే. మూడేళ్ల కింద వాడి బిడ్డ మన్వితకు ఎల్లమ్మ గుడి దగ్గర పుట్టువెంట్రుకలు తీయించారు. ఆ వెంట్రుకలు మేనత్త కొంగులో పడాలి. ఇంకెవరి కొంగులోనూ కాదు. ఆ పొద్దున పెళ్లివాళ్ల అర్జెంటు జాకెట్లుంటే పూర్తి చేసి వెళ్లాను. ఒక అరగంట ఆలస్యమైంది. నేను వెళ్లేసరికి నా స్థానంలో మరదలు చెల్లెలు గుడ్డ పట్టుకుని కూర్చుంది. పిల్ల గుండు కూడా అయిపోయింది. అరగంట ఆగలేకపోయారు. అన్నం తినకుండా వచ్చేశాను. అప్పటి నుంచి మాటల్లేవు.

వాడైనా ఫోన్ చేయలేదు కదా.

ఏప్రిల్ 9, గురువారం

అఖిల మెహదీపట్నంలో పళ్ల దవాఖానలో రిసెప్షన్ చూస్తుంది. పొద్దున బస్సులో ఉండగానే నా ఫోన్‌కు ఒక మెసేజ్ పంపింది. “జర ఆగు. మళ్ల మళ్ల ఐకాన్ నొక్కకు. నల్ల తెర తెరిచి అక్కడ దాని పేరు కొట్టు. ఎందుకు వస్తలేదో అదే చెప్తది.” కింద టైప్ చేయాల్సిన కమాండ్లు కూడా ఉన్నాయి.

కొట్టాను. చెప్పింది. నాకు కావలసిన ఫైల్ ఒకటి దొరకలేదు కాబట్టి తెరుచుకోను, అంది. రెండో కమాండ్ కొడితే కుట్టుకు ఏమేం కావాలో చాంతాడంత జాబితా వచ్చింది. ప్రతి దాని ఎదురుగా అది ఏ ఫోల్డర్‌లో ఉందో చిరునామా. నాలుగింటి ఎదురుగా మాత్రం చిరునామా లేదు, ‘నాట్ ఫౌండ్’. తెర ఫోటో తీసి అఖిలకు పంపాను.

సాయంత్రం అఖిల వివరంగా చెప్పింది. లినక్స్‌లో ఏ ప్రోగ్రామూ అన్నీ తన దగ్గరే పెట్టుకోదట. అక్షరాలు చూపడానికి ఒక లైబ్రరీ, బొమ్మ తెరవడానికి ఒకటి, లెక్కలకు ఒకటి, అన్నీ బయటివి వాడుకుంటుంది. వాటిని డిపెండెన్సీలంటారు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు నాలుగు పాతవి వెళ్లిపోయాయి. ఒక్కటి లేకపోయినా కుట్టు కదలదు.

“మిగిలినయి జర సర్దుకోవచ్చు గదనే?” అన్నాను.

“సర్దుకోవమ్మా. ఎవరి పని వాళ్లదే.”

ఇదంతా నీకెలా తెలుసే అంటే యూట్యూబ్‌లో చూశానంది. సరే.

ఏప్రిల్ 11, శనివారం

రెండు ఎక్కాయి. ఊరికే ఎక్కలేదు. ఏ ఫైల్ ఏ ప్యాకేజీలో ఉంటుందో వెతకాలి, ఆ ప్యాకేజీని తెప్పించాలి. తెప్పించబోతే నా వెంట ఫలానాది కూడా రావాలంటుంది. ఆ ఫలానాది తన వెంట ఇంకొకటి అంటుంది. ఇంట్లో లగ్గం పిలుపులూ ఇలాగే ఉన్నాయి. ఒకరిని పిలిస్తే, మా వియ్యంకులను పిలవలేదేమని వాళ్లు మూతి ముడుస్తున్నారు.

నెట్ ఫోన్‌దే. రెండు ప్యాకేజీలకే ఇవాళ్టి డేటా అయిపోయింది.

ఏప్రిల్ 12, ఆదివారం

మూడోది ఎక్కింది. నా బిడ్డ తెలివికి ఏం తక్కువ?

ఏప్రిల్ 14, మంగళవారం

ఇవాళ కొంచెంలో తప్పింది.

నాలుగోది దొరకడం లేదు. ఎలా వెతికినా, అలాంటి ప్యాకేజీ లేదంటోంది. మధ్యలో మిగిలినవి కూడా అలిగాయి. ఎర్ర అక్షరాలు. విరిగినవాటిని సరిచేయమంటావా అని కంప్యూటరే అడిగింది. ఇంత మర్యాదగా అడుగుతుంటే వద్దని ఎవరంటారు? అవునని వై నొక్కబోయాను. నొక్కే ముందు ఎందుకో పై నుంచి చదివాను. ‘ఈ కింది ప్యాకేజీలు తీసివేయబడతాయి’ అని ఉంది. కింద ఒక్కటే పేరు, కుట్టు.

అర్థమైందా? కుట్టు ఒక్కటే లేనిదాని కోసం అడుగుతోంది. దాన్నే బయటికి పంపేస్తే అడిగేవాళ్లుండరు, గొడవ తీరిపోతుంది, ఎర్ర అక్షరాలుండవు. ఇదీ దాని న్యాయం. ఒళ్లు మండిపోయింది.

అంతలో అఖిల మెసేజ్. “జర ఆగు. సరిచేస్తా అంటది, వై కొట్టకు. కుట్టును తీసేస్తది.”

నేను పంపింది ఎర్ర అక్షరాల ఫోటో ఒక్కటే. తర్వాత ఏం అడుగుతుందో దవాఖానలో కూర్చున్న పిల్లకు ఎలా తెలిసిందో. తెలివైన పిల్ల.

‘జర ఆగు’ అనే మాట నాకసలు పడదు. చిన్నప్పటి నుంచి వినీ వినీ విసుగు. దానికి ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో.

ఏప్రిల్ 15, బుధవారం

కార్డులు వచ్చాయి. పరమేష్ పసుపు పెడుతూ కూర్చున్నాడు. పెట్టుకుంటూనే అడిగాడు.

“గంప ఎవరెత్తుతరు?”

పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి తెచ్చేది మేనమామ. ఆ సంగతి నాకు తెలియదా? ముందే ఆలోచించి పెట్టాను.

“సైదులన్నను అడిగిన. ఒప్పుకున్నడు.”

సైదులన్న మా పెద్దబాపు కొడుకు, శంకర్‌పల్లిలో కూరగాయలు పండిస్తాడు. వరుసకు అఖిలకు మేనమామే. వరుస కుదిరినప్పుడు ఎవరైతేనేం? ఆయనకు మోకాళ్ల నొప్పులున్నాయి, అది వేరే విషయం.

చేవెళ్లకు కార్డు ఫోన్‌లో పంపిస్తాను. ఈ కాలంలో అందరూ అలాగే పంపుతున్నారు. వాళ్లను పిలవలేదని రేపు ఎవరూ అనకూడదు.

పరమేష్ ఇంకో కార్డు తీసుకున్నాడు. పసుపు కొంచెం గట్టిగా రుద్దాడు.

ఏప్రిల్ 17, శుక్రవారం

తెలిసింది.

అఖిల ఫోన్ చేసి, గబగబా చెప్తోంది. “అమ్మా, ఆ నాలుగోది శాన పాతదట. కొత్త వెర్షన్‌ల అది పెట్టుడే బంజేసిన్రట. దాన్ని దేవులాడి లాభం లేదు. కుట్టునే కొత్తవాటికి తగ్గట్టు మళ్ల కట్టాలె, నేనే వచ్చి చేస్త అన్నడు.”

“ఎవరన్నడు?”

అటు నుంచి బస్సు హారన్ వినపడింది.

“మామ,” అంది చివరికి. “నువ్వు ఒక్క మాటంటే వస్తడట. నువ్వు రమ్మన్లేదని ఆగిండు. నువ్వు తెర ఫోటోలు నాకు పంపుతుంటివి గద, అయ్యే నేను ఆయనకు పంపిన. కోపం చెయ్యకమ్మా.”

నేనేం గుడ్డిదాన్ని కాదు. మొదటి మెసేజ్ రెండు మాటలు చదివినప్పుడే... సరే, అది వదిలేద్దాం. నా వెనకాల నా బిడ్డ చేత నాకు పాఠాలు చెప్పించడం ఏమిటి? సాయం చేయాలంటే పదిహేను కిలోమీటర్లు, బండి ఉంది, వచ్చి చేయాలి. ఒక్క మాట నేనే అనాలా? మూడేళ్ల కింద వాడు అనొచ్చు కదా, అక్క వచ్చేదాకా ఆగుదాం అని, ఆ ఒక్క మాట?

ఇక మీదట వాడిని ఏమీ అడగొద్దని అఖిలకు గట్టిగా చెప్పాను. పిల్ల ఏడ్చింది. ఏడవనీ.

ఏప్రిల్ 19, ఆదివారం

వాడు అవసరం లేదు. దారి నేనే కనిపెట్టాను.

ఎవరో ఒకతను వీడియోలో చూపించాడు. పాత లైబ్రరీ లేకపోతే ఫికరు లేదు. దాని కొత్త వెర్షన్ ఎలాగూ కంప్యూటర్‌లో ఉంటుంది. ఆ కొత్తదానికి పాత పేరుతో ఒక లింకు పెడితే సరి. ప్రోగ్రామ్ వచ్చి పాత పేరుతో పిలుస్తుంది, కొత్తది పలుకుతుంది. రెండూ ఒకే వంశం, ఒకే పని. ఒకే ఒక్క కమాండ్.

కింద ఎవరో ఇలా చేయొద్దని రాశారు. ప్రతి దాని కింద ఎవరో ఒకరు అలా రాస్తూనే ఉంటారు.

కుట్టు తెరుచుకుంది! నేను గీసినవన్నీ భద్రంగా ఉన్నాయి. పాత చున్నీ ముక్క మీద చిన్న పువ్వు కుట్టి చూశాను. శుభ్రంగా వచ్చింది. పరమేష్‌కు చూపించాను.

“మంచిగనే ఉన్నది,” అన్నాడు.

“నీకు సంతోషమైతలేదు?”

“పువ్వు మంచిగనే ఉన్నదని అంటున్న గద.”

ఏప్రిల్ 20, సోమవారం

రెండు ఆర్డర్లు అయ్యాయి. చిన్న డిజైన్లే. కుట్టు నడుస్తోంది. మెషిన్ చప్పుడు వింటుంటే కడుపు నిండింది. ఎవరి మీదా ఆధారపడకుండా బతకొచ్చు.

ఏప్రిల్ 22, బుధవారం

అఖిల జాకెట్ పాడైంది.

మెరూన్ పట్టు. చీరతో పాటే నేసిన గుడ్డ, అలాంటిది ఇంకొకటి దొరకదు. వీపు మీద రెండు నెమళ్లు, మధ్యలో మామిడి పిందెలు. నెమళ్లు రెండూ బాగా వచ్చాయి. దారం మార్చి పిందెలు మొదలుపెట్టి కుర్చీలో కూర్చున్నాను. చప్పుడు మారింది. లేచి చూసేసరికి సూది కదలకుండా ఒక్క చోటే దిగుతోంది, లేస్తోంది, మళ్లీ అక్కడే దిగుతోంది. ఆపేలోపు గుడ్డ చిరిగింది. బొటనవేలు దూరేంత చిల్లు.

పెద్ద డిజైన్‌లో, నిండుగా కుట్టాల్సిన చోటికి వచ్చేసరికి కొత్త లైబ్రరీ ఇచ్చిన లెక్క కుట్టుకు తప్పుగా అందింది. కుట్టుకు తెలియదు పాపం. పాత పేరు చూసి నమ్మింది. చిన్న పువ్వులకు ఆ లెక్కతో పనిలేదు, అందుకే మొన్న బయటపడలేదు. ఇదంతా తర్వాత కూర్చుని చదివితే తెలిసింది. ముందు చదివినా తెలిసేదే.

గుడ్డను మడిచి చీర మధ్యలో పెట్టాను. ఇంట్లో చెప్పలేదు.

ఏప్రిల్ 23, గురువారం

షటర్ తీయలేదు.

ఏప్రిల్ 24, శుక్రవారం

అఖిల చీర తీసింది. కట్టుకుని అద్దంలో చూసుకోవాలనిపించిందట. జాకెట్ గుడ్డ కింద పడింది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చిల్లులో వేలు పెట్టి చూసి, మళ్లీ మడిచింది.

“జాకెట్‌కేమమ్మా, సాదాది కుట్టించుకుంట. నేనొకటి చెప్త, విను. గంప బాలరాజ్ మామ ఎత్తితేనే కూసుంట. సైదులు మామ మంచోడే, కాదంటలేను. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద బడికి తీస్కపోయింది ఎవరు? ఆయన రాకుంటే గంప వద్దు, ఏం వద్దు. నడుచుకుంటనే మండపానికి వస్త.”

“పెండ్లిపిల్ల నడుచుకుంట వస్తదానే? మందేమంటరు?”

“మేనమామ లేడా అంటరు. లేడని నువ్వే చెప్పుకో.”

లోపలికి వెళ్లిపోయింది. పరమేష్ గడప మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై ఐదేళ్ల కాపురంలో ఆయన నాకు ఎదురు చెప్పింది తక్కువ.

“అరగంట అంటవు నువ్వు ఎప్పటికి,” అన్నాడు నెమ్మదిగా. “నేను నీ ఎనకనే బండి దిగిన గద జ్యోతీ. మనం పోయేటాలకు బంతి లేచింది. ఇస్తార్లు ఎత్తుతున్నరు. పిల్ల గుండు మీద గంధం ఎండిపోయింది.”

“అయితే నాదే తప్పంటవా?”

“నేను అట్లంటలేను. ఇస్తార్లు ఎత్తుతున్నరు అంటున్న.”

అన్నాలయ్యాయా ఆ రోజు? నాకు మరదలు చెల్లెలి చేతిలో గుడ్డే గుర్తుంది.

ఏప్రిల్ 25, శనివారం

కంప్యూటర్‌ను చేవెళ్లకు తీసుకెళ్లాలి. బాగు చేయించడానికి. వేరే ఎవరికీ కుట్టు సంగతి తెలియదు కాబట్టి. అంతే.

ఏప్రిల్ 26, ఆదివారం

సీపీయూ డబ్బాను పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. రోడ్డు పనుల దగ్గర ఎగిరినప్పుడల్లా డబ్బా మోకాళ్లకు కొట్టుకుంది. “ఏందక్కా, టీవీనా?” అన్నాడు ఆటో అతను. అవునన్నాను. సంచిలో కుంకుమ భరిణె, రెండు కార్డులు ఉండిపోయాయి. నిన్న ఎవరింటికో పిలవడానికి వెళ్లినప్పటివి, తీయడం మరిచిపోయాను.

తలుపు బాలరాజే తీశాడు. చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు వచ్చాయి. వాడికి తెల్ల వెంట్రుకలేమిటి? నన్ను చూశాడు, డబ్బాను చూశాడు, నా చేతుల్లోంచి దాన్ని అందుకున్నాడు.

“మానిటర్ తేలేదా?”

“నీ ఇంట్ల లేదా?”

“ఉన్నది.”

మూడేళ్ల తర్వాత మేం మాట్లాడుకున్నది ఇదీ.

డబ్బా బిగించి కూర్చున్నాడు. మరదలు ప్రేమజ్యోతి, “వదినె, కూసోండ్రి,” అని టీ పెట్టడానికి లేచింది. మన్విత తలుపు చాటు నుంచి చూస్తోంది. జడలు నడుము దాకా పెరిగాయి.

“ఎవరమ్మా?” అని అడిగింది తల్లిని.

“మేనత్త.”

“అఖిలక్క వాళ్ల అమ్మనా?”

అఖిల ఇక్కడికి వస్తుంటుందన్న మాట. నాకు తెలియనివి చాలానే ఉన్నాయి.

బాలరాజ్ నల్ల తెరలో ఏవో కొట్టి, ఒక చోట ఆగి, నా వైపు తిరిగాడు.

“ఈ పాత పేరుకు లింకు ఎవరు పెట్టిన్రు?”

“నేనే.”

“పేరు పాతది, లోపల ఉన్నది కొత్తది. కుట్టు నమ్మి పని మొదలు పెడ్తది. నడుమల పోయినంక ఆగమైతది.”

“అయ్యింది.”

“ఏం పోయింది?”

“అఖిల జాకెట్.”

వాడి చేతులు కీబోర్డ్ మీద ఆగిపోయాయి. తిడతాడేమోనని చూశాను. తిడితే నేనూ తిట్టేదాన్ని, మూడేళ్ల మాటలు సిద్ధంగా ఉన్నాయి. వాడు తిట్టలేదు. లింకు తీసేశాడు. సొంత ల్యాప్‌టాప్ తెచ్చి అందులోంచి కుట్టు అసలు ఫైళ్లు తీశాడు.

“పాతది ఇగ దొరకదక్కా. దొరికినా ఎన్నొద్దులు నడుస్తది? ఇయ్యాల ఉన్నవాటితోని కుట్టును మళ్ల కడ్త.”

“ఎంతసేపైతది?”

“జర ఆగు.”

ఆగాను. తెర మీద అక్షరాలు వరసగా పైకి పోతున్నాయి. రెండు సార్లు తప్పు వచ్చింది, ఎక్కడో ఒక పాత మాటను కొత్త మాటగా మార్చాడు, మళ్లీ మొదలుపెట్టాడు. ఎదురుగా గోడ మీద అవ్వ ఫోటో. అంత సేపు ఊరికే కూర్చుని నాకు అలవాటు లేదు.

కుట్టు తెరుచుకుంది. పిందె డిజైన్ పెట్టి తెర మీదే నడిపించి చూపించాడు. సూది ఎక్కడా నిలవలేదు. చిల్లు మీద లోపలి నుంచి వేరే పట్టు ముక్క పెట్టి, ఆ ఒక్క పిందెను పెద్దది చేసి కుడితే కనపడదని కూడా చెప్పాడు. జాకెట్ల గురించి వీడికేం తెలుసని అనబోయాను. సరిగ్గానే చెప్పాడు.

వెళ్లడానికి లేచి, సంచిలో చేయి పెట్టాను. భరిణె చేతికి తగిలింది. ప్రేమజ్యోతికి బొట్టు పెట్టాను, కార్డు చేతిలో పెట్టాను. బొట్టు కొంచెం పక్కకు పోయింది.

“మా అఖిల పెండ్లి. మీరు ముంగటే రావాలె, అందరు. తమ్మీ, గంప నువ్వే...” అని రెండో కార్డు వాడి చేతిలో పెట్టాను.

వాడు కార్డు అటూ ఇటూ తిప్పాడు.

“ఎంత బరువున్నది అది ఇప్పుడు?”

“శానానే ఉన్నది. సైదులన్నను కూడా అడిగిన.”

“అడిగితే మంచిదే. గంపకు రెండు దిక్కులుంటయి గద.”

ఒక సంగతి మిగిలింది. ఇవాళ రాయలేను.

ఏప్రిల్ 27, సోమవారం

నిన్న గడప దాటుతుంటే ప్రేమజ్యోతి ఆగమంది. కుర్చీ ఎక్కి అటక మీద నుంచి ఒక చిన్న స్టీలు డబ్బా దించింది. మూత తీసింది. పసుపు గుడ్డ మూట. మూటలో మెత్తటి, సన్నటి వెంట్రుకలు.

“మన్విత పుట్టెంట్రుకలు, వదినె. నీళ్లల్ల కలపలే. ఆ దినం పూజారి ఇగ ఆగనన్నడు. పిల్ల ఒక్కతీరుగ ఏడ్వబట్టె. నేల మీద పడొద్దని మా చెల్లె గుడ్డ పట్టింది, గంతే. కొంగుల పోయించుకునేది మీరే గదా. ఈయన, అక్క రానియ్యి, అప్పటిదాంక అట్లనే ఉంచు అన్నడు.”

బాలరాజ్ అప్పుడు సీపీయూకు దుప్పటి చుడుతున్నాడు. తల ఎత్తలేదు.

ఎవరినో తెచ్చి నా స్థానంలో కూర్చోబెట్టారని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎవరినీ కూర్చోబెట్టలేదు. అది మూడేళ్లూ ఖాళీగానే ఉంది, నా కోసం.

ఆటోలో ఏడ్చుకుంటూ వచ్చాను. టీవీ పాడైందనుకున్నాడేమో పక్కన కూర్చున్న పెద్దాయన, బాగైతది బిడ్డా అన్నాడు.

ఏప్రిల్ 28, మంగళవారం

పిందె వచ్చింది. మిగిలినవాటికన్నా పెద్దదిగా, కొంచెం పొగరుగా ఉంది. అఖిల వెనక నుంచి చూసి, అసలు ఇదే బాగుందంది. నా దగ్గర నేర్చుకున్న అబద్ధం.

ఏప్రిల్ 30, గురువారం

వెంట్రుకలు పెళ్లి తర్వాత నీళ్లలో కలుపుదాం, ఇప్పుడు హడావిడి కదా అన్నారు. ఒప్పుకోలేదు. నా బిడ్డను ఎత్తమని వాడిని అడిగిన మనిషిని, ముందు నా పని నేను చేయాలి.

ఈసీ వాగు దగ్గరికి అందరం వెళ్లాం. ఎండకు నీళ్లు తగ్గాయి, వంతెన కింద ఒక మడుగు మిగిలింది. నేను అందరికన్నా ముందే వెళ్లి రాయి మీద కూర్చున్నాను. వాళ్ల బండి వచ్చేసరికి ఎండకు ముఖం ఎర్రబడింది. బాలరాజ్ నన్ను చూసి నవ్వాడు.

మన్వితను పక్కన నిలబెట్టుకున్నాను. ప్రేమజ్యోతి మూట విప్పింది. నేను కొంగు పట్టాను. అంత తేలికైనవి పడితే బరువు తెలియాలా? తెలిసింది. గాలికి ఎగిరిపోతాయేమోనని రెండు చేతులతో మూసి పట్టుకుని నీళ్లలోకి దిగాను.

“అవన్ని నా ఎంట్రుకలేనా అత్తా?” అని అడిగింది మన్విత.

“నీయే బిడ్డా.”

వాగు దగ్గరే కూర్చుని, ప్రేమజ్యోతి తెచ్చిన పులిహోర తిన్నాను. రెండు సార్లు పెట్టించుకున్నాను.

మే 6, బుధవారం

ఇప్పుడే ఇంటికి వచ్చాం. కాళ్లు లాగుతున్నాయి, అయినా రాసి పడుకుంటాను. అఖిల వెళ్లిపోయింది. ఇల్లు చాలా పెద్దగా ఉంది.

జాకెట్ మీద పెద్ద పిందెను ఎవరూ అడగలేదు. ఒకావిడ మాత్రం అలాంటిదే తనకూ కావాలంది.

గంపకు ఒక పక్క బాలరాజ్, ఇంకో పక్క సైదులన్న. ముహూర్తం దగ్గరపడింది, అయ్యగారు మండపంలోంచి పిలుస్తున్నారు. వీళ్లిద్దరూ గంప పట్టుకుని వంగి ఉన్నారే కానీ లేపడం లేదు. సైదులన్న మోకాలు సర్దుకుంటున్నాడు. గంపలో అఖిల చీర కుచ్చిళ్లు పట్టుకుని కిసకిసా నవ్వుతోంది. నాకు కంగారు. లేపరేంది, టైమైతున్నది, లేపండ్రి అని పక్క నుంచి ఒకటే పోరు పెడుతున్నాను.

బాలరాజ్ వంగినవాడు వంగినట్టే తల ఎత్తి నా వైపు చూశాడు.

“జర ఆగక్కా.”

ఆగాను.